సరిచూసినవాడు

తప్పు నాకు గురువారం మధ్యాహ్నం కనపడింది. శనివారం డ్రాయింగులు సైటుకి వెళ్లాయి. ఆదివారం ఆయన ఇంట్లో భోంచేశాను. మంగళవారం క్లయింటు తరఫు మనిషి వచ్చాడు. ఈ ఐదు రోజుల్లో ఎప్పుడైనా నేను ఒక్క మాట అని ఉంటే దేవానందం గారు తన కుర్చీలో ఇంకో రెండేళ్లు కూర్చునేవారు. ఆ మాట కష్టమైనదేమీ కాదు. సార్, ఇది ఒకసారి చూస్తారా అంటే చాలు. నేను అనలేదు. మరిచిపోయి కాదు.

మా కంపెనీ సికింద్రాబాద్‌లో ఎస్.డి. రోడ్డు మీద ఒక మూడో అంతస్తులో ఉండేది. పెద్ద ఫ్యాక్టరీలకు కరెంటు పంపిణీ డిజైన్ చేయడం మా పని. బయటి లైను ఎక్కడ లోపలికి రావాలి, ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, ఏ సైజువి, ఎక్కడ పెట్టాలి, ఏ మోటారుకి ఎంత లావు కేబులు వెయ్యాలి, ఇవన్నీ కాగితం మీద తేల్చి పంపిస్తాం. రెండు వేల సంవత్సరం అది. కింది అంతస్తులో జావా నేర్పే ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. పొద్దున్న మేం మెట్లెక్కుతుంటే ఫారాలు పట్టుకున్న పిల్లలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాళ్లు, పెద్దవాళ్లకి ఇచ్చినట్టు. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు.

మా హాలు మధ్యలో గాజు గోడ ఒకటి లేచింది. అటువైపు సాఫ్ట్‌వేర్, ఇటువైపు మేము. ఆ గోడ ఏడాదిలో రెండుసార్లు మావైపు జరిగింది. ఏప్రిల్‌లో మళ్లీ జరుగుతుందని, ఎలక్ట్రికల్ విభాగానికి ఒక్క లీడ్ ఇంజనీరు చాలని జనరల్ మేనేజరు సుధ నాకు ఒకరోజు లిఫ్టు దగ్గర చెప్పింది. ఆమె నాకంటే నాలుగేళ్లు చిన్నది. దేవానందం గారికి యాభై ఎనిమిది నిండాయనీ, రెండేళ్లు పొడిగింపు అడిగారనీ, ఈ సిమెంటు ఫ్యాక్టరీ రివ్యూ ఎలా జరుగుతుందో చూసి నిర్ణయిస్తాననీ అంది. ఆయనకీ అదే చెప్పిందట. చెప్పడంలో ఆమెకి దాపరికం లేదు.

దేవానందం గారి పేరు మా వృత్తిలో ఉన్న నలుగురికీ తెలుసు. మిగతా కంపెనీలు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక పెద్ద సబ్‌స్టేషన్ కట్టించి, అక్కడినుంచి అరకిలోమీటరు దూరాలకి లావుపాటి కేబుళ్లు లాగేవి. ఆయన అలా చేయరు. ఎక్కువ వోల్టేజీనే ఒక్కో సెక్షన్ నడిబొడ్డుకి తీసుకెళ్లి, మోటార్ల పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేవారు. కరెంటుని దూరం నడిపించకండి, నడిచిన ప్రతి అడుగుకీ అది కొంత వేడిగా పోతుంది, ఆ వేడికి ఎవరికీ అన్నం ఉడకదు అనేవారు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా కావలసిన దానికంటే ఒక్క సైజు పెద్దది వేసేవారు కాదు. పని లేకపోయినా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొంత కరెంటు తింటూనే ఉంటుంది, ముప్ఫై ఏళ్లు తింటుంది. ఆయన వేసినవి ఎప్పుడూ సామర్థ్యంలో ముప్పావువంతు దగ్గర హాయిగా నడిచేవి. ఆ బిగువే ఆయన సంతకం. ఆ బిగువుని చూసి గర్వపడటం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం.

నేను విజయనగరం వైపు నుంచి వచ్చి ఆయన దగ్గర చేరిన మొదటి నెలలో ఒక కేబులు లెక్క తప్పు చేశాను. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. భుజం మీద చెయ్యి వేశారు. తప్పేం లేదు రాజూ, ఇది అందరికీ పనికొస్తుంది అని, హాల్లో ఉన్నవాళ్లందర్నీ పిలిచారు. తొమ్మిదిమంది నా బల్ల చుట్టూ నిలబడ్డారు. ఆయన గొంతు పెంచకుండా, ఎక్కడ జారానో, ఎందుకు జారతారో, ఒక్కో అంకె మీద పెన్సిల్ మొన ఆనించి చెప్పారు. చెయ్యి నా భుజం మీదే ఉంది. తర్వాత టీ తెప్పించారు. పదకొండేళ్లలో ఇలా ఎన్నిసార్లు జరిగిందో నాకు తెలుసు. పద్నాలుగు. ఆయన నన్ను ఒక్కసారి తిట్టి ఉంటే ఆయన్ని క్షమించగలిగేవాణ్ణి.

ఆయన లెక్కల్ని మాత్రం ఎవరూ సరిచూసేవారు కాదు. అది హాలు ఆచారం. షీటు కింద 'సరిచూసినవారు' అనే గడిలో మాలో ఎవరో ఒకరం చూడకుండానే సంతకం పెట్టేవాళ్లం. అలా పెట్టడం ఒక గౌరవం అనుకునేవాళ్లం.

సుధ వచ్చాక ఐఎస్ఓ సర్టిఫికెట్ కోసం పద్ధతి మార్చింది. ప్రతి లెక్కకీ ఒక నకలు తీయాలి. సరిచూసేవాడు ప్రతి అంకెనూ మళ్లీ లెక్కగట్టి, ఒప్పయితే దానిమీద పసుపు పెన్సిల్ రుద్దాలి, తప్పయితే ఎర్ర పెన్సిల్‌తో కొట్టి పక్కన సరైనది రాయాలి. పసుపు పడని అంకె ఒక్కటి కూడా షీటు మీద మిగలకూడదు. నేను పసుపు రుద్దుతుంటే మా డ్రాఫ్ట్స్‌మన్ తిరుమల పక్కన నిలబడి నవ్వేవాడు.

"ఏంది రాజు సార్, కాగితాలకు పెండ్లి చేస్తున్నరా? గింత పసుపు పూస్తే రేపు తలంబ్రాలు సుత పోయాల్సొస్తది."

సిమెంటు ఫ్యాక్టరీ లెక్కలకి నన్నే వేశారు. నకలు నా చేతికి ఇచ్చేటప్పుడు దేవానందం గారు కొంచెం నవ్వారు. రూలు కదా, కానివ్వు అన్నారు. ఆయన నొచ్చుకున్నారని నాకు తెలిసింది. అది నాకు ఇష్టంగా ఉందని కూడా తెలిసింది.

తప్పు ఇలాంటిది. ఒక సెక్షన్‌లో వంద మోటార్లుంటే వందా ఒకేసారి పూర్తి బలంతో తిరగవు. కొన్ని ఆగి ఉంటాయి, కొన్ని సగం పనిలో ఉంటాయి. అందుకని మొత్తం లోడుని పాయింట్ ఏడుతో గుణించి తగ్గిస్తాం. తగ్గించినదానికే ట్రాన్స్‌ఫార్మర్ ఎంచుతాం. పాతికేళ్లుగా ఫ్యాక్టరీల వాళ్లు మోటార్ల మొత్తం బలాన్ని చేత్తో రాసి పంపేవారు, తగ్గించే పని ఆయన చేసేవారు. ఈసారి వాళ్లు కంప్యూటర్‌లో చేసిన పట్టిక పంపారు. దాన్లో రెండు షీట్లున్నాయి. కంప్యూటర్ ముట్టుకోని దేవానందం గారికి తిరుమల మొదటి షీటే ప్రింటు తీసి ఇచ్చాడు. ఇచ్చిన అంకెలు ఇప్పటికే తగ్గించినవి అని రెండో షీటు అడుగున ఒక వాక్యం ఉంది. ఆయన దాన్ని చూడలేదు. తగ్గిన లోడుని మళ్లీ తగ్గించారు.

కిల్న్, అంటే సున్నపురాయి కాల్చే కొలిమి ఉండే సెక్షన్‌కి వచ్చిన రెండు వేల కిలోవాట్లు ఆయన చేతిలో పద్నాలుగు వందలయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్లని కొలిచే కేవీఏల్లోకి మారిస్తే అది తొమ్మిదోవంతు పెరిగి సుమారు పదిహేను వందల యాభై. దానికి రెండు వేల కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ వేశారు. కాగితం మీద అది సామర్థ్యంలో నూటికి డెబ్భై ఎనిమిది దగ్గర, ఆయనకి ఇష్టమైన చోట, నడుస్తోంది. నిజంలో నూట పదకొండు దగ్గర నడవాలి. నడవదు. వేడెక్కి, వేసవిలో ఒక మధ్యాహ్నం ఆగిపోతుంది, కిల్న్‌ని కూడా ఆపుతుంది. ఆరు సెక్షన్లలోనూ ఇదే. ఆ బిగువు మామూలుగానే ఆయనది కాబట్టి, ఆయన కంటికి ఏదీ ఇరుగ్గా తోచలేదు.

ముందు నాకు భయం వేసింది. తప్పు నాదే అయి ఉంటుందనుకున్నాను. మూడుసార్లు లెక్కగట్టాను. లోడు ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్లు, అంకెని నమ్మకు, అంకె వెనకున్న మోటారుని చూడు అని ఆయనే నేర్పారు. నా కంప్యూటర్‌లో రెండో షీటు తెరిచి, మోటార్ల పట్టికలోకి వెళ్లి చూశాను. ఒక్కో మోటారుని పేరు పెట్టి కలిపాను. మూడోసారి కూడా నూట పదకొండే వచ్చింది.

ఆ తర్వాత నాలో ఏదో చాలా నిశ్శబ్దంగా అయింది. సంతోషం అనలేను. దాహం వేసినప్పుడు నీళ్లు ఎదురుగా ఉన్నాయని తెలిసి, తాగకుండా కాసేపు చూస్తూ కూర్చోవడం లాంటిది. బల్ల మీద పెన్సిళ్లు రెండూ ఉన్నాయి. నేను పసుపుది తీసుకున్నాను. పద్నాలుగు వందల మీద రుద్దాను. డెబ్భై ఎనిమిది మీద రుద్దాను. మూలలు వదలకుండా, శ్రద్ధగా రుద్దాను.

రేపు చెప్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తిరుమలగిరిలో నా ఒంటరి గదికి వెళ్లి, స్టవ్వు మీద అన్నం పెట్టుకుని, రేపు ఎలా చెప్పాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. కానీ ఆ ఊహలో ఆయన ముఖం నాకు ఎంతకీ సరిగా కనపడలేదు. తప్పు తెలిసిన క్షణాన ఆ ముఖం ఎలా ఉంటుంది? పదకొండేళ్లలో అది నేను ఎప్పుడూ చూడలేదు. మెల్లగా, చాటుగా చెబితే ఆయన సర్దుకుంటారు. భుజం మీద చెయ్యి వేసి, శభాష్ రాజూ అంటారు. నా ఎర్ర గీత కూడా చివరికి ఆయన మంచితనంలో కలిసిపోతుంది. ఆ శభాష్ నాకు అక్కర్లేదు.

శుక్రవారం చెప్పలేదు. శనివారం సబ్‌స్టేషన్ గదుల కొలతలు సైటుకి వెళ్లాలి. ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదైతే గది పెద్దదవుతుంది, పునాది పెద్దదవుతుంది. ఆరు డ్రాయింగుల గొట్టాన్ని కొరియర్ మనిషి చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూశాను. అతను స్కూటర్ స్టార్ట్ చేయడానికి నాలుగుసార్లు తన్నాడు. నాలుగుసార్లూ నాకు సమయం ఉంది.

ఆదివారం ఆయన భోజనానికి రమ్మన్నారు. అప్పుడప్పుడు రమ్మంటారు. ఒంటరివాణ్ణని. అల్వాల్‌లో ఆయన ఇల్లు చిన్నది, శుభ్రమైనది. వాళ్లు చర్చి నుంచి అప్పుడే వచ్చారు. ఆయన భార్య కాంతమణి గారు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి మానేశారు. నన్ను చూడగానే, మీ సార్ మూడు రోజులుగా నిద్రలో కూడా కిలోవాట్లే అంటున్నారు, ఆ సిమెంటు కంపెనీ పని అయితే గాని నాకు నిద్ర ఉండదు అని నవ్వారు. తర్వాత వంటింట్లోంచి గొంతు తగ్గించి, ఈ పొడిగింపు రాకపోతే ఈయన్ని నేను పట్టలేను బాబూ అన్నారు. ఒకసారి సెలవు పెట్టిన వారం రోజుల్లో ఇంటి వైరింగంతా పీకి మళ్లీ వేశారట. పని లేకుండా ఆయన ఎవరో ఆయనకే తెలియదని ఆమె అన్నారు. అదేం పెద్ద విషయంలా కాదు, మోండా మార్కెట్లో తెచ్చిన చిక్కుడుకాయలు ముదిరిపోయాయని అన్నట్టే అన్నారు.

భోజనానికి ముందు ఆయన ప్రార్థన చేశారు. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

"ప్రభువా, నా కళ్లు మసకబారుతున్న ఈ కాలంలో నాకు ఇంకో జత కళ్లుగా రాజును ఇచ్చినందుకు నీకు స్తోత్రం."

నేను కళ్లు తెరిచాను. ఆయన ముఖం నాకు అడుగు దూరంలో ఉంది. కనురెప్పలు సన్నగా వణుకుతున్నాయి. మూసిన కళ్లతో ఉన్న మనిషిని అంత దగ్గరగా చూడటం దొంగతనంలా ఉంటుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. ఆమెన్ అయ్యేదాకా ఆ వీలు ఉంది. ఆమెన్ అయింది.

అన్నం కలుపుతూ ఆయన మామూలుగా అడిగారు.

"షీట్లన్నీ చూశావా?"

"చూశాను సార్."

"ఎర్ర పెన్సిల్ ఎక్కడైనా పడిందా?"

"ఎక్కడా పడలేదు సార్."

ఆయన తల వంచి తింటూ చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. కాంతమణి గారు నాకు ఇంకొంచెం పులుసు వడ్డించారు. బాగుందని చెప్పాను. బాగుంది కూడా.

మంగళవారం ఫ్యాక్టరీ తరఫున పైడిబాబు వచ్చాడు. వాళ్ల ఎలక్ట్రికల్ హెడ్డు, ముప్ఫై నాలుగేళ్లుంటాయి, మా విజయనగరం వైపు మనిషే. నమ్రతగా మాట్లాడేవాడు. మీటింగు గదిలో సుధ, దేవానందం గారు, నేను, డ్రాయింగులు తగిలించడానికి తిరుమల. గంటసేపు అంతా మెచ్చుకోలే. ట్రాన్స్‌ఫార్మర్లు లోడు నడుమ పెట్టడం వల్ల కేబులు సగానికి సగం తగ్గిందని, నష్టం ఇంత తక్కువగా ఏ ప్లాంటులోనూ చూడలేదని పైడిబాబే అన్నాడు. సుధ ముఖం తేటపడింది. పొడిగింపు ఆ గదిలోకి వచ్చి కూర్చున్నంత దగ్గరగా కనపడింది.

అప్పుడు అతను కిల్న్ సెక్షన్ షీటు తిప్పి, రెండు వేల కేవీఏ కొంచెం ఇరుకేమో సార్ అన్నాడు.

దేవానందం గారు లేచారు. ఆ లేవడం నాకు తెలుసు. చిరునవ్వుతో పైడిబాబు దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశారు. మంచి అనుమానం, ఇది అందరికీ పనికొస్తుంది అన్నారు. బోర్డు మీద లెక్క రాయడం మొదలుపెట్టారు. రెండు వేలు, పాయింట్ ఏడు, పద్నాలుగు వందలు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి వెనక్కి తిరిగి, సరేనా అని అడిగారు. పైడిబాబు పూర్తిగా విన్నాడు. మధ్యలో ఆపకపోవడం అతని మర్యాద. ఆ మర్యాద వల్ల ఆయన చివరిదాకా వెళ్లారు.

"సార్, ఆ రెండు వేలు తగ్గించిన తర్వాతదండి. రెండో షీటులో రాశాం కదా."

తిరుమల మొదటి షీటు వంక చూసి, తర్వాత నేల చూశాడు. దేవానందం గారు ఏ షీటు అని అడగలేదు. పాయింట్ ఏడుని అరచేత్తో తుడిచేసి, కింద మళ్లీ లెక్కగట్టారు. నూట పదకొండు అని రాశారు. రాసి, మాకు వీపు పెట్టి అలాగే నిలబడ్డారు. చొక్కా వెనక కాలరు దగ్గర చెమట కనపడింది. నేను ఐదు రోజులు ఎదురుచూసిన ముఖం బోర్డువైపు ఉంది.

పునాదులు నిన్ననే తవ్వించామండి అని పైడిబాబు మెల్లగా అన్నాడు.

సుధ షీటు తన వైపు లాక్కుని కింద గడి చూసింది. సరిచూసింది ఎవరని అడిగింది. నా పేరు అక్కడ స్పష్టంగా ఉంది, చదివే అడిగింది. నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ నాకు తెలియదు. దేవానందం గారు తిరిగారు. ముఖం మామూలుగానే ఉంది, కాస్త పాలిపోయి ఉంది, అంతే.

"రాజు చూస్తానన్నాడమ్మా. నా లెక్క ఎవరూ చూడక్కర్లేదని నేనే సంతకం పెట్టించాను. ఇది నా ఒక్కడి తప్పు."

అందరూ నమ్మారు. పాత ఆచారం అందరికీ తెలిసిందే. పసుపు రుద్దిన నకలు నా సొరుగులో ఉంది. ఎవరూ దాన్ని అడగలేదు.

సాయంత్రం నాలుగింటికి సుధ ఆయన్ని పిలిచి, నెలాఖరు వరకు అని చెప్పింది. తర్వాత నన్ను పిలిచి, మొత్తం మళ్లీ డిజైన్ చేయాలి, లీడ్ నువ్వే అంది. నేను సరే అన్నాను. బయటికి వస్తుంటే మీటింగు గదిలోంచి ఆయన పిలిచారు. తలుపు దగ్గరగా వెయ్యమన్నారు. బోర్డు ఎవరూ తుడవలేదు.

నాకు కోపం లేదు రాజూ, ఒక్కటి చెప్పు అన్నారు. రెండో షీటు నీ కంప్యూటర్‌లో ఉంది కదా అన్నారు. ఉంది సార్ అన్నాను. మోటార్లన్నీ కలిపి చూసుకున్నావా, నేను చెప్పినట్టు? చూశాను సార్. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే నీకు కనపడి ఉండాలి. కనపడినా ఊరుకున్నావు, అంతేగా? అదే చెప్పు. నిజంగా నేనేమీ అనను, ఇంటికెళ్లి నిద్రపోతాను. కనపడనేలేదంటే మాత్రం, పదకొండేళ్లు నీకు నేను ఏం నేర్పినట్టు?"

ఆయన నన్ను దోషిగా అడగడం లేదు. సాక్షిగా అడుగుతున్నారు. కుర్చీ పోయింది, పేరు పోయింది. తన పనిలో నిలిచిన ముక్క ఒక్కటైనా ఉందా అని అడుగుతున్నారు. ఆ ముక్క నేనే. ఆ తప్పుని మూడుసార్లు లెక్కగట్టి పట్టుకున్నవాణ్ణి, ఆయన చేతి కింద తయారైనవాణ్ణి. కనపడింది సార్ అంటే చాలు, ఆయన నా ద్రోహాన్ని చంకలో పెట్టుకుని సంతోషంగా ఇంటికి వెళ్తారు. మనిషి ముఖంలో అంత ఆశ నేను ఎప్పుడూ చూడలేదు. నేను చూడాలనుకున్న ముఖం ఇది కాదు, కానీ ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఇదే.

"కనపడలేదు సార్" అన్నాను.

కింద ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసు విడిచిపెట్టినట్టున్నారు, మెట్ల మీద చెప్పుల చప్పుడు, నవ్వులు వినపడ్డాయి. తర్వాత ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. తెల్ల కాగితం ఒకటి తన ముందుకి లాక్కుని, పక్క కుర్చీ చూపించారు.

"తప్పు నాదే. నీకు మొదట్లోనే సరిగ్గా చెప్పలేదు. ఇలా కూర్చో."

కూర్చున్నాను. నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులున్నాయని, రోజూ ఒక గంట కూర్చుంటే సరిపోతుందని అన్నారు. కాగితం మీద ఒక మోటారు గుర్తు గీశారు. గుండ్రం సరిగా రాలేదు. దాన్ని కొట్టేసి పక్కన ఇంకోటి గీశారు. మోటారు మీద రాసి ఉన్న బలానికీ, అది నడుస్తూ లాగే బలానికీ తేడా ఏమిటో చెప్పమన్నారు. చేరిన మొదటి వారంలో అడిగిన ప్రశ్న. అప్పుడు సరిగానే చెప్పాను.

నేను తప్పు చెప్పాను.

ఆయన ముఖంలో ఏదో లోపలికి కుంగింది. విసుక్కోలేదు. పెన్సిల్ మొన గుర్తు మీద ఆనించి, చాలా ఓపిగ్గా, ఒక్కో మాటా విడదీసి చెప్పారు. ఇప్పుడు అర్థమైందా అని అడిగారు.

కొంచెం అర్థమైంది సార్ అన్నాను. ఆయన తల ఊపి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.